టైలరు కింద ఎవరూ లేరు

మా అక్క క్లాసులో ఇప్పుడు బల్లలన్నీ వరసగా ఉన్నాయి. పిల్లల మొహాలు నల్లబల్ల వైపు, చేతులు ఒళ్ళో. చప్పుడు లేదు. పెద్దసారు వరండాలో పోతూ కిటికీలోంచి తొంగి చూసి, "ఆఁ, క్లాసంటే ఇలా ఉండాలి" అన్నట్టు తల ఊపి వెళ్తారు. ఒక హాలుకి మధ్యలో చెక్క అడ్డం పెట్టి రెండు గదులు చేశారు మా బళ్ళో. అటు అక్క ఐదో తరగతి, ఇటు నా రెండో తరగతి. ఇన్నేళ్ళూ ఆ చెక్కమీద స్కేలుతో బాది, "ఆ సంత ఆపవే తల్లీ, నా పిల్లలు ఎక్కాలు మర్చిపోతున్నారు" అని అరిచినదాన్ని నేనే. ఇప్పుడు ఆ నిశ్శబ్దం వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండుతోంది.

అక్క చెప్పేది లెక్కలు. చెప్పేది అన్నాను గానీ, చెప్పదు. అదే దాని జబ్బు. చిన్నప్పుడు నేను లెక్క రాక పలక పట్టుకుని దాని దగ్గరికి పోతే, "నీకు ఇందులో ఏం తెలుసు? ఏం తెలియాలి?" అని అడిగేది. తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తానే అని నేను ఏడ్చేదాన్ని. అది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేది. దానికీ ఒక కథ ఉందిలెండి. అది చదువుకునేటప్పుడు మాస్టారు బెత్తం పట్టుకుని ఎన్నిసార్లు చెప్పినా భాగహారం బుర్రకెక్కలేదట. ఒకరోజు అన్నాలు తినే వేళ పక్క బెంచీ పిల్ల చింతగింజలు పంచి చూపిస్తే ఎక్కేసిందట. "మాస్టారికి రానిది దానికెలా వచ్చిందే?" అని అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉంది. ఆ ఆలోచనతోనే టీచరయింది.

ఇంట్లోనూ అదే వరస. ఓసారి వంటింట్లో కుళాయి కారుతోంది. ఎవరైనా ఏం చేస్తారు? కుళాయి బాగుచేసేవాణ్ణి పిలుస్తారు. అక్క బావనీ, అత్తగారినీ, చుట్టపుచూపుగా వెళ్ళిన నన్నూ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, "ఎక్కణ్ణించి కారుతోంది? ఎప్పుడు కారుతోంది? ఒక్కొక్కరూ చూసింది చెప్పండి" అంది. అత్తగారు ముందు అలిగింది, తర్వాత ఆవిడే కనిపెట్టింది, మేడమీద వాళ్ళు నీళ్ళు వాడినప్పుడే కారుతోందని. మందుల షాపులో రోజంతా నిలబడి వచ్చిన మా బావ నావైపు తిరిగి, "చూశావా మరదలా, మీ అక్కతో కాపురమంటే రోజూ పరీక్షే. అదీ గుంపు పరీక్ష" అన్నాడు. అక్కే ముందు నవ్వింది.

బళ్ళో దాన్ని పిల్లలు లెక్కల టీచరు అనరు, గుంపు టీచరు అంటారు. నాలుగు బల్లలు ఎదురెదురుగా జరిపి నలుగుర్ని కూర్చోబెడుతుంది. లెక్కని నాలుగు ముక్కలు చేసి నాలుగు చీటీల మీద రాస్తుంది. ఎవరి చీటీ వాళ్ళదే. పక్కవాళ్ళకి చూపించకూడదు, నోటితో చెప్పాలి. నలుగురూ చెబితేనే లెక్క తేలుతుంది, ఒక్కరు నోరు మూసుకున్నా తేలదు. నలుగురూ సరే అంటేనే చెయ్యెత్తాలి. ఎత్తాక ఎవర్ని లేపి అడిగినా ఎలా వచ్చిందో చెప్పాలి. చెప్పి, "రైటేనా టీచర్?" అనడుగుతారు గదా, అక్క రైటనీ అనదు, తప్పనీ అనదు. "మీ గుంపునడుగు" అంటుంది. ఆ మాట వినీ వినీ నా రెండో తరగతి వెధవలు కూడా అలవాటు చేసుకున్నారు. ఎక్కం చెప్పరా అంటే, "మా గుంపునడుగు టీచర్" అంటాడొకడు!

పోయినేడు అక్క క్లాసులో ఒక గుంపు ఉండేది. ఒకత్తి గడగడ. పేరుకి తగ్గట్టే దాని నోరు మూతపడదు. ఒకడు కళ్ళజోడు, ప్రశ్న ఎంత పొడుగున్నా గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు. ఇంకొకడు పొడుగోడు, బొమ్మ గీస్తే గానీ వాడికేదీ అర్థం కాదు. నాలుగోది నత్త. ఆ పేరు వింటే అక్క కళ్ళెర్ర చేసేది, "అమ్మడూ" అని పిలిచేది. కానీ పిల్లలకి అది నత్తే. మొదటి తరగతి నుంచీ నోట్లో నాలుక లేనట్టే కూర్చుంది. నా చేతిలోనూ ఒక ఏడాది ఉంది. అడిగితే కిందికి చూసేది, గట్టిగా అడిగితే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునేది. రాత కూడా అంతే, ఒక్కో అంకె చెక్కుతున్నట్టు రాసేది.

వాళ్ళ నాన్నకి మా వీధి మొదట్లో టైలరు షాపు. షట్టరు ఎత్తితే ఒక మిషను, ఒక బల్ల, గోడకి వేలాడుతూ సగం కుట్టిన చొక్కాలు. మంచివాడే. మనిషి మీద కోపం తెచ్చుకుందామంటే వీలుకాదు. అక్క ఓరోజు జాకెట్టు కుట్టించే వంకతో నన్ను వెంటేసుకుని పోయి కూతురి చదువు మాటెత్తింది. ఆయన టేపు మెళ్ళోంచి తీసి మడత పెడుతూ, "మా అమ్మాయికి చదువెక్కదు టీచరమ్మా. ఊరికే కూర్చుని కూర్చుని వస్తోంది. ఇక్కడైతే కాజాలు చక్కగా కుడుతుంది. నాకు చూపు ఆనడం లేదు" అన్నాడు. అక్క బతిమాలింది. ఆయన కాసేపు మిషను చక్రం ఊరికే తిప్పి, "సరే. ఐదో తరగతి పరీక్ష పాసైతే పెద్దబడికి పంపిస్తా. అది మీ ఇష్టం. తప్పిందా, నా ఇష్టం. మళ్ళీ ఇంకో ఏడాది అనొద్దు" అన్నాడు. అక్క దండం పెట్టినంత పని చేసింది.

ఇక అక్కకి అదే లోకమైంది. నత్త మాట్లాడితే చాలు. పోనీ ఒక్క చీటీ చదివితే చాలు. మొదట్లో ఆ గుంపు ఏ లెక్కా తేల్చేది కాదు. మూడు చీటీలు బయటికొచ్చేవి, నాలుగోది నత్త గుప్పిట్లో చెమటకి తడిసి ముద్దయ్యేది. గంట కొట్టేవాళ్ళు. లెక్క అలాగే మిగిలిపోయేది. "చీటీ లాక్కుని చదివేస్తే పీడా వదులుతుంది కదే!" అని నేను నెత్తీ నోరూ బాదుకునేదాన్ని. "లాక్కుంటే అది ఇంక ఎప్పటికీ ఇవ్వదే" అనేది అక్క.

ఒకరోజు ఇచ్చిన లెక్క ఇది. ఒక మేడ. నాలుగంతస్తులు, ఒక్కోదాంట్లో ఒక్కరే. డ్రైవరు ఒక్క అంతస్తు ఎక్కితే డాక్టరు ఇల్లు. పాటలావిడ గొంతెత్తితే డాక్టరుకి సరిగ్గా నెత్తిమీదే వినిపిస్తుంది. మరి టైలరు ఎక్కడ? ఆ ముక్క నత్త చీటీలో ఉంది. మామూలే, అది చెప్పలేదు. పొడుగోడికి విసుగొచ్చి మేడ బొమ్మ గీసేసి, టైలర్ని అందరికంటే పైన పెట్టేశాడు. "అంతే, అయిపోయింది, చెయ్యెత్తండి" అంది గడగడ.

"కాదు."

ఆ గొంతు ఎవరిదో చెక్కకివతల ఉన్న నాకు తెలియలేదు. ఎప్పుడైనా వింటే కదా! "కాదు. టైలరు కింద ఎవరూ లేరు. మెట్లుంటే బట్టలు పట్టుకుని ఎవరొస్తారు? షట్టరు కిందే ఉంటుంది."  ఆ తర్వాత గడగడ వేసిన కేకకి నా క్లాసు మొత్తం లేచి నిలబడింది. స్కేలు చేతిలో ఉంది గానీ చెక్క మీద కొట్టలేదు నేను. సాయంత్రం ఇంటికి పోతూ అక్క దారంతా ఏడుస్తూనే ఉంది. "ఏంటే ఈ వీధినపడి ఏడవడం, నలుగురూ చూస్తారు" అని కసిరాను. నాకూ ముక్కు కారుతోంది.

అప్పట్నుంచీ నత్త మాట్లాడింది. గలగలా కాదు, అవసరమైనంతే. కానీ గుంపు తప్పుదారిన పోతుంటే "కాదు" అనేది. అది "కాదు" అందంటే గడగడ కూడా ఆగేది. రాత మాత్రం నత్త నడకే. దానికి వేరే చిట్కా పెట్టింది అక్క. ఎవరైనా లెక్క దగ్గర ఆగిపోతే గుంపులోవాళ్ళు జవాబు చెప్పకూడదు. "అడిగిందేంటో నీ మాటల్లో చెప్పు" అనాలి. అది చెబితే చెయ్యి దానంతటదే కదులుతుంది. నత్తకి అది మందులా పనిచేసింది. క్లాసు పరీక్షల్లోనూ అంతే. ముందు అందరూ మాట్లాడుకుని, ఆ తర్వాత ఎవరిది వాళ్ళు రాసేవాళ్ళు.

పెద్ద పరీక్ష వేరే బళ్ళో పెట్టారు. బయటి మాస్టార్లు, బయటి గదులు. ముందురోజు అక్క పిల్లల్ని కూర్చోబెట్టి, "అక్కడ ఒకరి జవాబు ఒకరు చూడకూడదు, ఒకరికొకరు జవాబు చెప్పకూడదు. ఎవరి పేపరు వాళ్ళదే" అని మరీ మరీ చెప్పింది. పిల్లలు బుద్ధిగా తలూపారు. ఇంకొకటి కూడా చేసింది అక్క, ఎప్పుడో ఏడాది మొదట్లో. పని సులువవుతుందని హాజరు పట్టీలో పిల్లల్ని గుంపులవారీగా ఎక్కించింది. పరీక్షకి నంబర్లు ఆ వరసలోనే వచ్చాయి. హాల్లో ఆ నలుగురూ ముందూ వెనకా కూర్చున్నారు.

మేమిద్దరం గేటు బయట నిలబడ్డాం. లోపల ఏం జరిగిందో తర్వాత పిల్లలే చెప్పారు. పరీక్ష ముగింపుకొచ్చింది. గడగడ లెక్కలు అయిపోవచ్చాయి. వెనక్కి చూస్తే నత్త కలం ఆగిపోయి ఉంది. సగం కూడా కాలేదు. గడగడ తిరిగి కూర్చుని, గుసగుస కూడా కాదు, క్లాసులో అడిగినట్టే గట్టిగా, "అడిగిందేంటో నీ మాటల్లో చెప్పవే" అంది. కళ్ళజోడూ పొడుగోడూ కూడా అటు తిరిగారు. తప్పు చేస్తున్నామని తెలిస్తే గొంతు తగ్గించేవాళ్ళు కదా! కాపలా మాస్టారు పరిగెత్తుకొచ్చి నలుగురి పేపర్లూ లాక్కున్నాడు. "మేం జవాబు చెప్పలేదు సార్, ప్రశ్నే అడిగాం" అంటూ గడగడ ఆయన వెంట గుమ్మం దాకా పరిగెత్తిందట.

మర్నాడు పరీక్షల ఆఫీసరు మా బడికొచ్చాడు. పెద్దసారు గదిలో కూర్చున్నాడు. పిల్లల్ని తీసుకురమ్మని నన్ను పంపారు. తీసుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాను. "మీరు వెళ్ళొచ్చమ్మా" అన్నారు పెద్దసారు. నేను వినబడనట్టు నిలబడ్డాను.

అక్క నిలబడే మాట్లాడింది. "సార్, తప్పు నాది. క్లాసులో నేనే అలా నేర్పాను. వాళ్ళకి అది కాపీ అని తెలియదు."

ఆఫీసరు చెడ్డవాడు కాదు. నిన్నటి నుంచీ నేను తిట్టుకున్నంత చెడ్డవాడు కానే కాదు. కుర్చీలో ముందుకి వంగి, "అమ్మా, ఆ మాట నా ముందు అనకండి. మీరు నేర్పారని రాస్తే ఈ నలుగురే కాదు, మీ క్లాసు మొత్తం పేపర్లు ఆపాలి. మిగతా పిల్లల గొంతు కోస్తారా?" అన్నాడు.  పెద్దసారు కిటికీ వైపు చూశారు. నేను అక్క మొహం చూడలేక గోడమీది గడియారం వైపు చూశాను.

"మళ్ళీ రాయించకూడదా సార్?" అక్క అడిగింది.

"వచ్చే ఏడాదే."

"ఈ పాపకి వచ్చే ఏడాది లేదు సార్."

"అలాగని ప్రతివాళ్ళకీ రూలు మార్చలేం కదమ్మా." ఆయన నిజంగానే బాధపడ్డాడు. పిల్లల వైపు తిరిగాడు. "ఒక పని చేస్తా. ముందు మాట్లాడిందెవరో, సాయం అడిగిందెవరో, ఎవరో ఒకరు ఒప్పుకోండి. ఆ ఒక్క పేపరు రద్దు చేసి మిగతా ముగ్గురివీ దిద్దిస్తా. ఎవరూ నోరెత్తకపోతే నలుగురివీ పోతాయి. ఇంతకంటే నా చేతిలో లేదు."

కళ్ళజోడు చెయ్యెత్తాడు. "సార్, మేం మాట్లాడుకోవచ్చా?"

ఆఫీసరుకి నవ్వొచ్చింది పాపం. "ఈ టీ తాగేలోగా తేల్చుకోండి" అన్నాడు.

నలుగురూ వరండాలోకొచ్చి గచ్చుమీద ఎదురెదురుగా కూర్చున్నారు. బల్లలు లేవంతే. నేను గుమ్మంలో. ఇటు తిరిగితే ఆఫీసరు టీ, అటు తిరిగితే పిల్లలు.

"తెలిసిందేంటి?" అన్నాడు కళ్ళజోడు. తనే మొదలుపెట్టాడు. "నలుగురం ఉన్నాం. ఒకరు ఒప్పుకుంటే ముగ్గురివి దిద్దుతారు."

"ఇందులో ఆలోచించేదేముందిరా? మాట్లాడింది నేను. నేనే చెప్తా" అంది గడగడ లేవబోతూ.

"కాదు" అంది నత్త.

గడగడ ఆగింది.

"నువ్వెన్ని రాశావు?"

"ఇంచుమించు అన్నీ."

నత్త మిగతా ఇద్దర్నీ అడిగింది. వాళ్ళవీ అయిపోవచ్చాయట. అది గచ్చుమీది దుమ్ములో వేలితో నాలుగు గీతలు గీసింది. "నావి సగం కూడా అవలేదు. నాది దిద్దినా పాసవను. నువ్వు ఒప్పుకుంటే నీదీ పోతుంది, నాదీ పోతుంది. నేను ఒప్పుకుంటే నాదొక్కటే పోతుంది." రెండు గీతలు తుడిచి చూపించింది, మళ్ళీ గీసి ఒకటి తుడిచి చూపించింది.

"కానీ నువ్వు అడగలేదు కదే! నువ్వసలు నోరే విప్పలేదు" అంది గడగడ. ఏడుపుతో దాని మాట తడబడింది.

"మరి ఇంకో దారుంటే చెప్పు."

 పొడుగోడు, "నేను సరే అనను" అని మోకాళ్ళలో మొహం పెట్టుకున్నాడు. నలుగురూ సరే అంటేనే చెయ్యెత్తాలి గదా. వాడి కోసం మిగతావాళ్ళు ఎదురుచూశారు. నత్త వాడి భుజం మీద చెయ్యి వేసి, "తప్పెక్కడుందో చూపించు, మానేస్తా" అంది. వాడు ఆ గీతల వంక చాలాసేపు చూశాడు. తప్పు ఉంటే కదా చూపించడానికి! చివరికి తలూపాడు. నాకు వాళ్ళ మధ్యలోకి దూకి ఆ పిల్లని ఎత్తుకుని ఎటైనా పారిపోవాలనిపించింది.  ఎక్కడికి పోను? ఏం చెప్పను?

ఆఫీసరు కప్పు కింద పెట్టాడు. నత్త లోపలికి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకోలేదు. కిందికి చూడలేదు.

"నేను సార్. నాకు లెక్క రాలేదు. నేనే సాయం అడిగాను. అందుకే వాళ్ళు తిరిగారు. వాళ్ళు నాకు జవాబు చెప్పలేదు. కాబట్టి వాళ్ళ పేపర్లలో తప్పేం లేదు. నాది తీసేస్తే సరిపోతుంది."

ఒకదాని తర్వాత ఒకటి, వరసగా చెప్పింది. ఒక పరాయి మనిషి ముందు నిలబడి ఆ పిల్ల ఇలా విడమరిచి చెప్పాలనే గదా ఏడాదంతా అక్క ఎదురుచూసింది. ఆఫీసరు అక్క వైపు తిరిగాడు. "నిజమేనా టీచర్?"

అది అబద్ధమని అక్కకి తెలుసు. కాదంటే నలుగురివీ పోతాయి. ఎలా వచ్చిందని అడగడానికీ వీల్లేదు. కుర్చీ వీపు పట్టుకుని, "అవును సార్" అంది. ఆయన నత్త పేపరు మీద ఎర్రగీత కొట్టి పక్కన పెట్టేశాడు.

బయటికొచ్చాం. గేటు దగ్గర టైలరు నిలబడి ఉన్నాడు, మెళ్ళో టేపుతో. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. గడగడ స్తంభాన్ని పట్టుకుని వెక్కుతోంది. నత్త రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి అక్క ముందు నిలబడింది.

"రైటేనా టీచర్?"

అక్క నావైపు చూసింది. నేనేం చెప్పను! మీ గుంపునడుగు అనాలి. అది అనే మాట అదే గదా. గుంపు అక్కడే ఉంది, ముగ్గురూ తలలొంచుకుని ఉన్నారు.  ఆ పిల్ల మాత్రం కదలకుండా, జవాబు కోసం మొహమెత్తి చూస్తూ నిలబడింది.

"రైటే అమ్మడూ" అంది అక్క.

ఇన్నేళ్ళలో ఏ పిల్లకీ అలా చెప్పి ఎరగదు మా అక్క. నత్త మొహం ఒక్కసారి విప్పారింది. తల ఊపి, సంచీ సర్దుకుని, వాళ్ళ నాన్న దగ్గరికి నడిచింది.